చేతికి మన్నంటని చదువు

(మా పట్టణ గ్రంథాలయ వార్షికోత్సవ సభలో చేసిన యుపన్యాసము)



గ్రంథాలయ వేదికపై నిలిచి, గ్రంథములవలన మాత్రమే రాని విద్య యొకటి గలదని చెప్పుట సాహసమే. అయినను ఈ సాయంకాలము మాకు నియమించిన విషయము అట్టిది: వ్యవసాయ విశ్వవిద్యాలయములలో విద్యార్థులు స్వహస్తములతో నేర్వవలసిన విద్య. మేము వ్యవసాయశాస్త్రజ్ఞులము కాము. వృత్తిచే న్యాయవాదులము, చెఱువుల సంరక్షణోద్యమమున సేవకులము. కోర్టు ఆవరణమందును, చెఱువుగట్లమీదను చూచినదానినిబట్టియే చెప్పదలచితిమి. ఈ సభలో తమ బిడ్డలను వ్యవసాయ కళాశాలలకు పంపిన తల్లిదండ్రులు గలరు, పంపదలచినవారును గలరు. "ఇంత ఖర్చుపెట్టి చదివించి, మరల పల్లెకు పంపి యెండలో త్రిప్పుట యేల?" అని వారిలో కొందరు మమ్మే యడిగిరి. ఆ ప్రశ్నకు మాకు తోచిన సమాధానమే ఈ యుపన్యాసము.

మొదట మా తప్పు నొకదానిని ఒప్పుకొందుము.

కొన్ని సంవత్సరముల క్రిందట ఒక రైతు, తాను కొన్న మిరప విత్తనము నాసిరకమనియు, కాపు రాక పంట పోయినదనియు, నష్టపరిహారమునకై వినియోగదారుల న్యాయస్థానమున ఫిర్యాదు చేసెను. మేము విత్తనము నమ్మినవారి పక్షమున వకాల్తా పుచ్చుకొంటిమి. రైతు పక్షమున పొలమును పరిశీలించి నివేదిక వ్రాసిన యువకుడు వ్యవసాయశాస్త్ర పట్టభద్రుడు. నివేదికలో ముద్రకు, సంతకమునకు, శాస్త్రీయ పదములకు లోపము లేదు. మేము ప్రశ్నింప నారంభించితిమి. ఎన్ని మొక్కలను లెక్కించితిరి? ఏ మూలనుండి ఏ మూలకు నడచితిరి? ప్రక్క పొలమున ఇదే విత్తనము వేసియుండిరా? వేసియుండినచో అచ్చట కాపు ఎట్లుండెను? నీటి యెద్దడికి వాడినదియు, తెగులువలన వాడినదియు ఎట్లు వేరుపరచితిరి? ఆ యువకుని ముఖమున చెమట పట్టెను. తుదకు, తాను గట్టుమీదనే నిలిచి చూచితిననియు, తక్కిన భాగము మఱియొక నివేదికను ముందు పెట్టుకొని వ్రాసితిననియు ఒప్పుకొనెను. కేసు మేము గెలిచితిమి. మిత్రులు మా చేయిపట్టి యభినందించిరి. రైతు మెట్లు దిగుచు మావంక చూచి, "చేలో దిగి చూస్తే తెలిసేది బాబూ" అని మాత్రమని వెడలిపోయెను. ఆ రాత్రి మాకు నిద్రపట్టలేదు. విత్తనము మంచిదో చెడ్డదో ఆనాడును మాకు తెలియదు, నేడును తెలియదు. తెలిసికొనవలసినవాడు పొలములో దిగలేదు. అదియొకటే మాకు తెలిసినది. ఆ యువకుడు చెడ్డవాడు కాడు. చేతికి మన్నంటకుండ పట్టము పుచ్చుకొనుటకు వీలిచ్చిన చదువు చెడ్డది.

విన్నమాట సాక్ష్యము కాదు

న్యాయశాస్త్రమున ఒక పాత సూత్రము గలదు. నోటిసాక్ష్యము ప్రత్యక్షమైనదిగా నుండవలెను. చూడదగినదానిని చూచినవాడే వచ్చి చెప్పవలెను. 1872 నాటి సాక్ష్యచట్టమున 60వ సెక్షను ఈ మాటయే చెప్పెను. ఆ చట్టము 2024 జూలైలో తొలగి క్రొత్త చట్టము వచ్చినను సూత్రము మారలేదు. అంతేకాదు: ఇరుపక్షముల కాగితములును ఒండొంటికి విరుద్ధమైనప్పుడు, న్యాయాధిపతి సివిలు ప్రొసీజరు కోడు 26వ ఆర్డరు ననుసరించి కమీషనరును పొలము మీదికి పంపును. అతడు కొలతచేసి, పటము గీసి, ఉన్నదున్నట్లు నివేదించును. కాగితములకే ప్రాణమిచ్చు న్యాయస్థానము సహితము తుదకు భూమినే యడుగుచుండగా, భూమినిగూర్చియే పుట్టిన విద్య భూమి నడుగకుండుట యెట్లు?

స్వహస్తముగా నేర్చుట యనగా నేమో ఒక చిన్న యుదాహరణముతో మనవి చేయుదుము. మట్టి పరీక్ష యనునది అందరును వినిన మాటయే. పుస్తకములో అది నాలుగు పంక్తులు. పొలములో అది ఒక పూట పని. గట్టుప్రక్కను, చెట్టునీడను, ఎరువు కుప్పవేసిన చోటను మట్టి తీయరాదు. పొలమంతటను ఎనిమిది పది చోట్ల ఎన్నుకొని, పైనున్న చెత్తను ప్రక్కకు త్రోసి, జానెడు లోతునకు పలుగుమొనవలె గుంట తీసి, దాని గోడనుండి పైకొసనుండి అడుగువరకు ఒకే మందమున మట్టిని చెక్కవలెను. అంతయు కలిపి, నీడను ఆరబెట్టి, నాలుగు భాగములుచేసి, ఎదురెదురు భాగములు రెంటిని తీసివేయుచు, అరకిలో మిగులువరకు అట్లే చేయవలెను. ఎన్నో బండ్ల మట్టికి ఆ అరకిలో ప్రతినిధి. ప్రతినిధి సరియైనవాడు కానిచో శాసనసభ యేమగునో మనకు తెలియును. మట్టి సరిగా తీయనిచో ప్రయోగశాలయు అంతే. యంత్రము ఎంత ఖరీదైనదైనను గట్టుమట్టికి గట్టు ఫలితమునే చెప్పును. ఈ సంగతి చదివినవానికి పరీక్షవరకు జ్ఞాపకముండును. మోకాళ్లమీద కూర్చుండి ఒక్కసారి చేసినవానికి జీవితాంతము జ్ఞాపకముండును.

ఈ విద్య ఎట్లు వచ్చినది

విశ్వవిద్యాలయమునకు నాగలితో పొత్తు కూర్చిన చట్టము 1862లో అమెరికాలో, అంతర్యుద్ధము జరుగుచుండగా, లింకను సంతకముతో వచ్చినది. కాంగ్రెసులో ప్రతి సభ్యునికి 30,000 ఎకరముల లెక్కను రాష్ట్రములకు భూమినిచ్చి, ఆ సొమ్ముతో వ్యవసాయమును, యంత్రకళలను నేర్పు కళాశాలలను పెట్టుమనిరి. ఆ భూమి అచ్చటి ఆదిమజాతులనుండి లాగికొన్నదని చెప్పక విడుచుట న్యాయము కాదు. 1887లో పరిశోధనక్షేత్రములును, 1914లో రైతుల చెంతకు శాస్త్రమును కొనిపోవు విస్తరణశాఖయు ఆ కళాశాలలకు జతపడినవి. బోధన, పరిశోధన, విస్తరణ: ఈ మూడును ఒక్క యింట నుండవలెననునది ఆ యేర్పాటులోని సారము.

మనదేశమున 1876లో మద్రాసు చెంత సైదాపేటలో వ్యవసాయ కళాశాల పుట్టి, 1906లో కోయంబత్తూరునకు మారినది. తెలుగునాట బాపట్ల కళాశాల 1945లోను, హైదరాబాదు సంస్థానమున ఉస్మానియావారి కళాశాల 1946లోను వెలసినవి. స్వాతంత్ర్యానంతరము సర్వేపల్లి రాధాకృష్ణపండితుని యధ్యక్షతను గల సంఘము 1949లో గ్రామీణ విశ్వవిద్యాలయములు కావలెనని సలహా యిచ్చినది. 1960లో పంత్‌నగరమున తొలి వ్యవసాయ విశ్వవిద్యాలయము ఏర్పడెను. 1964లో ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయము ఏర్పడెను. తరువాత అది ఆచార్య రంగాగారి పేరు ధరించినది. 2014లో రాష్ట్ర విభజనతో రాజేంద్రనగరున ఆచార్య జయశంకరుగారి పేరిట మఱియొక విశ్వవిద్యాలయము వచ్చినది. రంగా విశ్వవిద్యాలయము గుంటూరు చెంత లాం గ్రామమును కేంద్రముగా చేసికొనినది.

ఈ విద్యవలన మనకేమి వచ్చినదని యడుగువారు నేటి రాత్రి తమ విస్తరిని చూచుకొందురుగాక! 1982లో మారుటేరు పరిశోధనక్షేత్రమునుండి వెడలిన స్వర్ణయు, 1986లో బాపట్లనుండి వెడలిన సాంబ మసూరియు దేశమున కోట్లమంది తిను బియ్యమైనవి. అవి బల్లమీద పుట్టినవి కావు. బురదలో దిగి, వెన్నుకు వెన్ను కలిపి, తరము వెనుక తరము గింజ నేరి వేసినవారి చేతులలో పుట్టినవి.

పల్లెలో ఒక సార్వా కాలము

ఇప్పుడు తల్లిదండ్రుల ప్రశ్నకు వత్తుము. వ్యవసాయ పట్టపరీక్ష తుది సంవత్సరమున విద్యార్థి పల్లెకు పోయి, ఒక రైతునకు శిష్యుడై కొన్ని వారములు గడుపవలెనను నియమము గలదు. 1992లో రణ్‌ధావా సంఘము దీనిని సిఫారసు చేసెను. 2015లో కేంద్రప్రభుత్వము దీనిని మఱికొన్ని యభ్యాసములతో కలిపి యొక జాతీయపథకముగా ప్రకటించెను. దుక్కి, నారు, నాట్లు, కలుపు, పురుగు, ధర, అప్పు: వీనినన్నిటిని రైతుప్రక్కన నుండి చూడవలెను. ఊరి వనరుల పటమును తయారుచేయవలెను. ఆ పటమును ముందుగా కాగితముమీద గాక రచ్చబండకడ నేలమీద ముగ్గుతో వేయుదురు. చెఱువు, అలుగు, బావులు, బీళ్లు, పశువుల బాటలు, శ్మశానము సహితము అందులో వచ్చును. ఊరివారు చుట్టు మూగి దిద్దుదురు. "అక్కడ కాదమ్మాయ్, మాలపల్లి బావి వాగుకి ఇవతలుంది" యని ఒక ముసలమ్మ వచ్చి ముగ్గును చేతితో చెరిపి మరల వేయుటను మేము స్వయముగా చూచితిమి. రెవెన్యూ పటమున లేని బావి ఆ పటమున వచ్చినది. సహజవనరుల నిర్వహణ మను పెద్దమాటకు మొదటి పాఠమదియే: ఎవరి నీరు ఎచ్చటనున్నదో వారి నోటనే తెలిసికొనుట.

అట్టి విద్యార్థిని యొకతె మా వృత్తికి చేసిన యుపకారమును చెప్పెదము.

డెల్టా శివారున ఇద్దరు రైతులకు పంటబోదె విషయమున తగవు వచ్చినది. ఎగువవాడు నీరు కట్టివేయుచున్నాడని దిగువవాడును, దిగువవాడు బోదెను త్రవ్వి పాడుచేసెనని ఎగువవాడును దావాలు వేసికొనిరి. దిగువ రైతు మా కక్షిదారు. నాలుగు సంవత్సరములు వాయిదాలు నడచినవి. ఇద్దరి పొలములును ఏటేట క్షీణించుచుండెను. క్షీణించినకొలది పట్టుదల హెచ్చుచుండెను. దుకాణదారుని మాటవిని ఇద్దరును జిప్సము కొని చల్లిరి, ఫలము లేకపోయెను. ఆ సార్వాకు ఆ యూరికి వచ్చిన విద్యార్థిని ఇద్దరి పొలములను నడచి చూచి, గట్టునకు ఇరుప్రక్కల రెండు గుంటలు త్రవ్వించినది. మూడడుగుల లోతునకే నీరు ఊరినది. నాలుకకు ఉప్పగానుండెను. మట్టిని కళాశాలకు పంపగా లవణసాంద్రత మీటరుకు 4 డెసిసైమన్ల హద్దును దాటియుండెను. క్షారగుణము మాత్రము 8.5కు లోపుగానే యుండెను.

దీని యర్థమేమి? చౌడు రెండు విధములు. కరిగెడి ఉప్పులు పేరుకొని తెల్లగా పూయునది పాలచౌడు. సోడియము బంకమట్టిని పట్టుకొని, నీరింకనీయక, నేలను నల్లగా బిగదీయునది కారుచౌడు. జిప్సములోని సున్నపు గుణము సోడియమును తరిమి దాని స్థానమును తానాక్రమించును గనుక కారుచౌడునకు అది మందు. పాలచౌడునకు అది మందు కాదు. దానికి మంచినీటితో ఉప్పును కడిగి, ఆ కడిగిన నీటిని బయటికి పంపు మురుగుదారి కావలెను. ఆ యిద్దరి పొలముల నడుమ పూర్వమొక మురుగుకాలువ యుండెను. గుఱ్ఱపుడెక్క పట్టి, పూడి, కొంత యాక్రమణకు లోనై, అది పేరునకు మాత్రమే మిగిలినది. నీరు లేదని నాలుగేండ్లు దావా. రోగము మాత్రము నీరు పోకపోవుట!

ఆ పిల్ల ఇద్దరిని గుంటకడకు పిలిచి, "బాబాయిగారూ, మీ ఇద్దరి పొలాలకీ జబ్బు ఒక్కటేనండీ" యని చూపినదట. మా కక్షిదారు మా యాఫీసునకు వచ్చి, "ప్లీడరుగారూ, మనం నాలుగేళ్లు నీళ్లకోసం పోట్లాడాం. ఆ పిల్ల మూడడుగులు తవ్వించి నీళ్లు చూపించిందండీ" యనెను. మేము సిగ్గుపడితిమి. ఇరువురును రాజీ దాఖలుచేసి, కూలి చెరిసగము పెట్టుకొని మురుగుకాలువను త్రవ్వించిరి; కాలువ వచ్చినప్పుడు మడులు నింపి వదలిరి; జీలుగ చల్లి దున్నిరి. మొదటి యేట పూర్తి పంట రాలేదు. చౌడు ఒక్క యేట పోవునది కాదు. మూడవ యేటికి చేను చేనుగా కనబడినది.

ఈ కథలో ఇంకొక సంగతి గలదు. ఆ విద్యార్థినికి గుంట త్రవ్వవలసిన చోటు చూపినది పుస్తకము కాదు. "ఈ మూల ఎండాకాలంలో కూడా చెప్పులకి తడి అంటుతుంది" యని చెప్పిన పాలేరు చూపెను. శాస్త్రము పల్లెకు పోవుట ఇచ్చుటకు మాత్రమే కాదు, తీసికొనుటకును. 1905లో పూసా పరిశోధనాలయమునకు వచ్చిన ఆల్బర్టు హోవర్డు అను ఆంగ్లేయ శాస్త్రజ్ఞుడు, ఈ దేశపు రైతులను, పంటల తెగుళ్లను తన గురువులుగా నెంచితినని చెప్పుకొనెను; పిదప ఇందూరులో ఆయన రూపొందించిన ఎరువుకుప్ప పద్ధతి లోకమంతట వ్యాపించినది. ఈ శతాబ్దపు తొలి దశకమున మన కరవు జిల్లాలు ఏడింటిలో రైతులే తమ బావుల నీటిమట్టము కొలిచి, వాననీటి రాకపోకలు లెక్కగట్టి, ఏ పంట వేయదగునో కూడియాలోచించిరి. కొలకఱ్ఱ శాస్త్రజ్ఞునిది; బావి రైతుది; లెక్క ఇద్దరిది.

అడ్డంకులు రెండు

ఇంత మేలైన విద్యకు అడ్డంకులేవి? మొదటిది రికార్డుపుస్తకము. పల్లెకు పోయి రెండునాళ్లుండి, ఫొటోలు తీయించుకొని, గత సంవత్సరపు విద్యార్థి రికార్డును చూచి వ్రాసికొనుట కొన్నిచోట్ల జరుగుచున్నది. పటము చక్కగానుండును, ఊరు మాత్రము వేఱుగానుండును. మార్కులు పటమునకే గాని ఊరికి రావు గదా! దీనికి తల్లిదండ్రులమైన మనమును బాధ్యులమే. ఎండ తగులునని, ముఖ్యముగా ఆడపిల్లలను పల్లెలో నుంచుట యెట్లని, సిఫారసులు చేయించి తప్పించువారమును మనమే. భద్రతనుగూర్చి భయము సహజము. మంచి యిల్లు, మంచినీరు, మరుగుదొడ్డి, తోడు కావలెనని పట్టుబట్టుడు, అది హక్కు. బిడ్డను తప్పింపుడని కోరుట మాత్రము బిడ్డ చదువునే తప్పించుట.

రెండవది భూమి. ఈ మాట న్యాయవాదులమైన మేము చెప్పుట కొంత యిబ్బంది. 2024 జనవరిలో తెలంగాణ ప్రభుత్వము రాజేంద్రనగరు వ్యవసాయ, ఉద్యాన విశ్వవిద్యాలయముల భూములలో 100 ఎకరములను క్రొత్త హైకోర్టు భవనములకు కేటాయించినది. విద్యార్థులు ఆందోళన చేసిరి. ఆ యేడు మార్చిలో శంకుస్థాపనము జరిగినది. హైకోర్టునకు విశాలమైన భవనము కావలెననుటలో మాకు సందేహము లేదు. దానివలన లాభము పొందువారిలో మా వృత్తివారే ప్రథములు. అందుచేతనే చెప్పవలసియున్నది: విశ్వవిద్యాలయపు చేను పటమున ఖాళీగా కనబడును గాని ఖాళీ కాదు. ఇంగ్లండులో రోథంస్టెడు నందు ఒక గోధుమ చేను 1843 నుండి నేటివరకు పరిశోధనకై సాగుచున్నది. ఏ మడికి ఏ యెరువు ఏ యేట వేసిరో, ఎంత పండెనో లెక్క యున్నది. ఆ నేల 180 ఏండ్లకు పైబడిన గ్రంథము. ఈ గ్రంథాలయమునుండి ఒక బీరువా పుస్తకములు తీసి, ఆ చోట కుర్చీలు వేయుదమనినచో ఈ సభ యొప్పుకొనునా? చదువుటకు అక్షరములు కనబడనంతమాత్రమున నేలను ఉత్త కాగితమని యెంచరాదు. కట్టడము వేఱొకచోట కట్టవచ్చును. కొన్ని దశాబ్దముల లెక్కగల చేనును వేఱొకచోట మొలిపింపజాలము.

మా విన్నపములు

సభవారికి మూడు విన్నపములు. మొదటిది, తల్లిదండ్రులు తమ బిడ్డలను పల్లెవాసము తప్పింపకుందురుగాక. అచ్చట వసతి బాగుండునట్లు మాత్రము కళాశాలలను నిలదీయుదురుగాక. రెండవది, కళాశాలలవారు ఆ పరీక్షను గదిలో గాక గట్టుమీద జరుపుదురుగాక. ఆతిథ్యమిచ్చిన రైతును కూర్చుండబెట్టి, అతడు వినుచుండగా ప్రశ్నింతురుగాక. ఆ రైతు ముందు దొంగరికార్డు నిలువదు. మూడవది ఈ గ్రంథాలయమునకే. ప్రతి సంవత్సరము ఈ ప్రాంతమునకు వచ్చు విద్యార్థులను పిలిచి, వారు వేసిన ఊరి పటములను ఈ గోడలకు తగిలింపుడు. ఏ చెఱువు పూడినది, ఏ బావి యడుగంటినది, ఏ మురుగుకాలువ మాయమైనది, పట్టణవాసులమైన మనము పత్రికలతోపాటు చదువుకొందము. ఆ పటములలో మన పట్టణపు మురుగునీరు ఎవరి పొలములోనికి పోవుచున్నదో కూడ కనబడును. అదియు మనము తెలిసికొనవలసినదే.

మా వంతు మేమొక నియమము చేసికొంటిమి. పొలములో దిగని నివేదికను మా పక్షమున దాఖలు చేయము. ఎదుటి పక్షమునకు దిగి చూచిన సాక్షి యున్నచో, కేసు గెలుచుటకై వాని మాటను వక్రముగా త్రిప్పము. ఆనాడు న్యాయస్థానపు మెట్లు దిగి పోయిన మిరపరైతునకు దీనివలన పోయిన పంట రాదు. ఇంకొక రైతునకు అట్టి గతి పట్టకుండుటకు ఇంతకంటె మాచేతనైనది లేదు. తక్కినది మీ బిడ్డల చేతులలో నున్నది. ఆ చేతులకు కొంచెము మన్నంటనిండు.